చెరపని కార్డు

రెండో దిబ్బ, రూటరు గది పుస్తకం
కాపలాదారు: నాగిడి గవరయ్య

బహుళ దశమి

ఈ పుస్తకంలో రోజుకు మూడు గళ్ళు నింపితే చాలు. కరెంటు ఉందా, తీగ ఉందా, గేటు కదిలిందా. ఇరవై రెండేళ్ళుగా అంతే నింపాను. ఈరోజు నుంచి కాస్త ఎక్కువ రాస్తాను. మాట్లాడటం నాకు రాదు. రాయడం కొంచెం వచ్చు, ఐదో తరగతి దాకా.

మెట్ట కంట్రోలు ఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. తొమ్మిది దిబ్బల రూటర్లలోనూ కొత్త సిస్టమ్ ఎక్కించాలి. పాతది కార్డు మీంచి చెరిపెయ్యాలి. అమావాస్యలోగా.

ఎక్కించడం కష్టమేమీ కాదు. రూటరు పక్కన చిన్న గూడు ఉంటుంది. అందులో మెమరీ కార్డు, అగ్గిపెట్టె అంత. యంత్రం లేచినప్పుడు కార్డు మీద ఉన్న సిస్టమ్‌ను చదువుకుని తన లోపలికి తెచ్చుకుంటుంది. అది చదివాకే దానికి పని తెలుస్తుంది. కొత్తది మెట్ట నుంచి తీగ మీద వస్తుంది. కాపీ అని కొట్టి, దాని పేరు కొట్టి, కూర్చోవాలి. ఒక ముక్క చేరితే తెర మీద ఆశ్చర్యార్థకం పడుతుంది. చేరకపోతే చుక్క. చుక్క పడిన ముక్కను యంత్రమే మళ్ళీ అడిగి తెచ్చుకుంటుంది.

మొదలుపెట్టబోతే యంత్రం అడిగింది, కార్డు చెరిపి రాయమంటావా అని. వద్దని కొట్టాను. చోటుంది కదా. మా ఇంట్లో బియ్యం డబ్బాను అడుగంటా దులపరు. గుప్పెడు ఉంచి దాని మీదే కొత్తవి పోస్తారు. చెయ్యి ఆ అలవాటున పోయింది. ఉత్తర్వు గుర్తొచ్చేసరికి సగం తెర నిండింది. ఉత్తర్వు కాగితంలో ‘చెరిపారా’ అన్న గడిలో ‘చెరిపాను’ అని రాశాను. అబద్ధం. తీరికగా చెరుపుదాంలే అనుకున్నాను.

గంటన్నర పట్టింది. యంత్రాన్ని ఆపి లేపాను. కొత్త సిస్టమ్‌తో లేచింది.

ఏకాదశి

మా దిబ్బ మీద నూట నలభై గడపలు. తాగడానికి ఒకటే గుంట. ఆటు వేళ గేటు తెరుచుకుని ఏటి నీళ్ళు తెచ్చుకుంటుంది. పోటు వేళ సముద్రం ఏట్లోకి ఎక్కుతుంది. ఆ నీళ్ళు మా దగ్గరికి వచ్చేలోగా గేటు దిగాలి. ఈ కాలంలో పొద్దుటి పోటే పెద్దది. సాయంత్రం పోటు ఉప్పు గేటు దాకా రాదు.

గుంట ఉప్పయితే దిబ్బ ఖాళీ చెయ్యాలి. మెట్ట మీద శిబిరాలు కట్టి ఉంచారు. అక్కడ ఒక ఇల్లు ఒక చోట, పక్కిల్లు పది కోసుల అవతల.

ఉప్పు మొదట తగిలేది మొదటి దిబ్బకు. అది ఏరు సముద్రంలో కలిసే మొగలోనే ఉంది. అక్కడి కాపలాదారు మస్తాను. వాళ్ళ ఉప్పు కొలమానం కదలగానే అతని రూటరు నా రూటరుకు చెప్పేది. పోటు మా దాకా రావడానికి పాతిక నిమిషాలు. ఈలోగా గేటు తాపీగా దిగి కూర్చునేది. గేటు వినేది కొలమానం మాటే. మనిషి మాట వినదు. దాన్ని అలాగే కట్టారు. చేత్తో దించే చక్రం ఒకటి ఉండేది. భద్రత కోసమని నిరుడు ఆఫీసువాళ్ళు విప్పుకుని పోయారు.

కొత్త సిస్టమ్‌లో దిబ్బకు దిబ్బ చెప్పుకోకూడదట. ఈ ఉదయం మస్తాను రూటరు మాట మెట్టకు వెళ్ళింది. అక్కడ వరసలో నిలబడింది. తిరిగి మా దగ్గరికి వచ్చింది. నలభై నిమిషాలు.

చిన్న పోటు కాబట్టి మా గుంట అంచున కాస్త ఉప్పు తగిలి ఊరుకుంది. మస్తాను వాళ్ళ గుంట మాత్రం పోయింది. కొలమానం, రూటరు, గేటు మూడూ ఒక్క గోడకే ఉన్నాయి అతనికి. అయినా మాట మెట్టకు వెళ్ళి రావలసిందే. వచ్చేసరికి సముద్రం లోపల ఉంది.

ద్వాదశి

ఓలేటి మంగాయమ్మ వచ్చింది. మా దిబ్బ పెద్ద ఆవిడే. నాకు మరదలి వరస. మెట్లెక్కుతూనే మొదలుపెట్టింది.

“ఏం బావా, కొత్త పెళ్ళికూతుర్ని తెచ్చావంటగా. తలుపెయ్యడం కూడా రాదంటగా దానికి!”

నేను తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

“పలకవేంటి? ఎక్కించింది నువ్వేనా కాదా?”

“నేనే.”

“ఎవరెక్కించమన్నారు?”

“ఆఫీసు.”

“ఆఫీసోడు మన గుంటలో నీళ్ళు తాగుతాడా?”

“తాగడు.”

“నువ్వు తాగుతావా?”

“తాగుతాను.”

“మరింకేటి! ఆడికి ఫోన్ చేసి చెప్పు.” రెండు మెట్లు దిగి మళ్ళీ వెనక్కి చూసింది. “సిగ్గుపడకు బావా. పిల్లనిమ్మని అడగట్లేదు కదా.”

చేశాను. మా తొమ్మిది దిబ్బలకూ విక్రాంత్ అనే అధికారి ఉన్నారు. చిన్నవారు. మర్యాదగా మాట్లాడతారు.

“మా తెర మీద మీ గుంట మంచినీళ్ళే చూపిస్తోందండి, గవరయ్య గారూ.”

“నేను తాగి చూశానండి. ఉప్పు తగిలింది.”

“అది మీ నాలుకండి. ఇది రీడింగు.”

“మూడు రోజుల్లో అమావాస్యండి. పెద్ద పోటు,” అన్నాను.

“తెలుసండి. అందుకే మీ దిబ్బకు శిబిరంలో చోట్లు ముందే రాసి ఉంచాం. మీరేం కంగారు పడకండి.”

ముందే రాసి ఉంచారు. అంటే తెలిసే చేశారు.

ఉంటానండి అని చెప్పకుండా ఫోన్ పెట్టేశాను. నా ఎరుకలో ఎప్పుడూ అలా పెట్టలేదు.

త్రయోదశి

పొద్దున ఇంకాస్త ఉప్పు ఎక్కింది. పిల్లలు నీళ్ళు తాగి మొహం చిట్లిస్తున్నారు. ఇంకా తాగొచ్చు. అమావాస్య పోటు లోపలికి వస్తే మాత్రం తాగలేం.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి మాట వచ్చింది. కార్డు మీద ఏమేం ఉన్నాయో జాబితా పంపమని. నా అబద్ధం బయటపడుతుందని భయమేసింది. ముందు పాతది చెరిపేసి, తర్వాత జాబితా పంపుదామని కూర్చున్నాను. చూపించమని కొడితే తెర మీద రెండు పేర్లు వచ్చాయి. కొత్తది, దాని పైన పాతది.

చెరుపు అని కొట్టాను. పాతదాని పేరు కొట్టాను. నిజమేనా అని అడిగింది యంత్రం.

వేలు ఆ మీట మీదే ఉంది. అప్పుడు తట్టింది, నేనేం చెరపబోతున్నానో. తొమ్మిది దిబ్బల్లో అందరూ ఉత్తర్వు ప్రకారం చేసి ఉంటారు. దిబ్బకు దిబ్బ చెప్పుకోగల సిస్టమ్ ఈ కార్డు మీద తప్ప ఇంకెక్కడా లేదు.

వేలు తీశాను. జాబితా పంపలేదు. వెళ్ళి మంగాయమ్మ ఇంటి ముందు నిలబడ్డాను. చేపలు ఆరబెడుతోంది.

“పాతది ఉంది,” అన్నాను.

“ఏ పాతది?”

చెప్పాను. అంత పొడుగు మాట ఆవిడతో ఎప్పుడూ మాట్లాడలేదు. పాత సిస్టమ్‌నే చదువుకోమని యంత్రంలో ఒక వరస మార్చాలి. మెట్ట నుంచి అయితే మార్చనివ్వరు. కానీ యంత్రానికి నేరుగా తీగ తగిలించి ఎదురుగా కూర్చున్నవాడి మాట అది ఇంకా వింటుంది. అయితే నేనొక్కడినీ మారిస్తే లాభం లేదు. మస్తాను రూటరు కూడా పాతదానికి మారితేనే మాట నేరుగా వస్తుంది. మా రెండు దిబ్బల మధ్య పాత తీగ ఇంకా ఉంది.

“మరి మస్తాను దగ్గర పాతది లేదా?”

“చెరిపేశాడు. చెప్పినట్టు వింటాడు. మంచివాడు.”

“మంచోళ్ళతోనే వచ్చింది తంటా అంతా,” అంది. చేతులు దులుపుకుంది. “ఆటు ఎప్పుడు?”

“ఈరోజుది దాటిపోయింది. రేపు తొమ్మిదికి.”

“పడవ నాది. గెడ నేనేత్తాను. నీ చేత గెడ పట్టిత్తే రేపటి మొగకి ఎల్లుండి చేరతాం.”

చతుర్దశి

పోటు తగ్గగానే వరస మార్చాను. యంత్రాన్ని ఆపి లేపాను. పాత సిస్టమ్‌తో లేచింది.

అప్పుడు కార్డు బయటికి లాగాను. ఒకసారి లేచాక సిస్టమ్ యంత్రం లోపలే ఉంటుంది. కార్డు లేకపోయినా పని చేసుకుంటూ పోతుంది. అయితే మధ్యలో ఆగిందా, ఇక లేవలేదు. చదువుకోవడానికి కార్డు ఉండదు కదా. కరెంటు మా సోలారు పలకలదే, ఎండ బాగుంది, దాని భయం లేదు. భయమల్లా మెట్ట నుంచే. తీగ మీద ఒక్క మాట పంపి వాళ్ళు దీన్ని ఆపగలరు.

అందుకని మెట్ట తీగ పీకేశాను. మూడు గళ్ళలో రెండోది, తీగ ఉందా. లేదు. నేనే తీశాను.

కార్డును ప్లాస్టిక్‌లో చుట్టి చుట్టల డబ్బాలో పెట్టాను. డబ్బా బొడ్లో. మంగాయమ్మ గెడ వేసింది. దారంతా ఆవిడే మాట్లాడింది. నేను డబ్బా పట్టుకుని కూర్చున్నాను.

మొదటి దిబ్బ రేవులో సామాన్లు పేర్చి ఉన్నాయి. మంచాలు, వలలు, ఒక కుట్టుమిషను. ఆఫీసు లాంచీ రేపు వస్తుందట. మస్తాను రూటరు గది మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి.

“నేనే చెరిపేశాను గవరయ్యన్నా. చెరపమంటే చెరిపేశాను.”

“పోనీలే. లే.”

అతని రూటరుకు రెండు గూళ్ళు ఉన్నాయి. నా కార్డు రెండో దాంట్లో పెట్టాం. కాపీ కొట్టాం. ఆశ్చర్యార్థకాలు పది పడ్డాయి, తర్వాత చుక్కలు. మళ్ళీ కొట్టాం. ఎనిమిది పడ్డాయి, చుక్కలు. మస్తాను తల పట్టుకున్నాడు. కార్డు లాగి చూశాను. అంచున తెల్లగా ఉప్పు. పడవలో నా చెమటా, ఏటి తుంపరా చేసిన పని.

“గాయాల డబ్బాలో స్పిరిట్ ఉందా?” అన్నాను.

మస్తాను తెచ్చాడు. దూది పెట్టి కార్డు అంచునున్న లోహపు పళ్ళు ఒక్కొక్కటే తుడిచాను. ఆరే దాకా ఆగాం. మూడోసారి కొట్టాను. ఈసారి గదిలో ఇరవై మంది ఉన్నారు. సామాన్లు కట్టుకుంటున్నవాళ్ళే. వరస నిండింది. రెండో వరస నిండింది. ఎవరో ముసలావిడ, “ఆ గీతలు పడితే మంచిదా సెడ్డదా?” అని అడిగింది.

“మంచిది.”

“అయితే పడనీ.”

చివర యంత్రం రెండు కార్డుల మీదా లెక్క చూసుకుంది. రెండు పక్కలా ఒకటే అంకె వచ్చింది. అక్కడా వరస మార్చి మెట్ట తీగ పీకాక మస్తాను రూటరు పాత సిస్టమ్‌తో లేచింది. గంట గడిచాక కుట్టుమిషను రేవులోంచి వెనక్కి వెళ్ళడం చూశాను. గేటు చెప్పినట్టు వింటే నెల రోజుల ఆట్లకు గుంట ఉప్పు దిగుతుందని మస్తాను వాళ్ళకు చెప్పాడట. అప్పటిదాకా మా గుంట నుంచి బిందెలు పంపుతానని మంగాయమ్మ చెప్పింది. నన్ను అడగలేదు. అడగక్కర్లేదు.

సాయంత్రం పోటుతో ఎక్కి వచ్చాం. మస్తాను తన పడవలో వెంట వచ్చాడు. నేను కార్డు నా గూట్లో పెట్టబోతుంటే మంగాయమ్మ అంది, “మూడో దిబ్బోళ్ళు నీళ్ళు తాగరా? నాలుగో దిబ్బోళ్ళు?”

నిజమే. కార్డు మస్తాను చేతిలో పెట్టాను. అతను అటే పైకి వెళ్ళిపోయాడు. నా యంత్రం కార్డు లేకుండా నడుస్తోంది.

అమావాస్య

పోటు తొమ్మిది దాటాక. ఎనిమిదికి ఆఫీసు లాంచీ వచ్చింది. విక్రాంత్ గారు, ఇద్దరు గార్డులు. నేను రూటరు గదిలో ఉన్నాను.

“తీగ ఎందుకు తీశారండీ?”

“ఆపుతారని.”

“కార్డు ఇవ్వండి.”

“లేదండి.”

“ఎక్కడుంది?”

“తిరుగుతోంది.”

ఆయన సంచిలోంచి కొత్త కార్డు తీశారు. తెలివైనవారు. కొత్త సిస్టమ్ దాని మీదే ఉంది. యంత్రం ఆపి, అది పెట్టి, లేపితే పది నిమిషాల పని. స్విచ్ నా వెనక గోడకు ఉంది.

నేను కింద కూర్చున్నాను. వీపు స్విచ్‌కు ఆనించాను.

“లేవండి, గవరయ్య గారూ.”

“లేవను.”

“ఇది ప్రభుత్వ యంత్రం.”

“అవునండి. గుంట మాది.”

“పోటు అయ్యాక మాట్లాడుకుందాం, ముందు లేవండి.”

“పోటు అయ్యాకే లేస్తాను.”

ఆయన గార్డుల వైపు చూశారు. ఇద్దరూ బలంగా ఉన్నారు. నాకు భయమేసింది. కానీ మాట వచ్చింది.

“ఎత్తండి బాబూ. నలభై కిలోలే ఉంటాను. ఎత్తి పక్కన పెట్టండి. గేటు దిగకపోతే నూట నలభై గడపలు ఎత్తాలి. వాటికి మీరిద్దరూ సరిపోరు.”

మెట్ల మీంచి మంగాయమ్మ గొంతు వచ్చింది. వెనక జనం ఉన్నారని అప్పుడు తెలిసింది.

“ఎత్తండయ్యా, ఎత్తండి! ఎత్తినోళ్ళకి మా గుంట నీళ్ళు చెంబుడు పోత్తాం. తాగేసి, తీపో ఉప్పో చెప్పి మరీ ఎల్లండి!”

గార్డుల్లో పెద్దవాడు అడుగు వేసి ఆగాడు. “సార్, ముసలాయన సార్,” అన్నాడు. రెండోవాడు కిటికీలోంచి ఏటిని చూడటం మొదలుపెట్టాడు.

తొమ్మిదీ ఐదు. తెర మీద ఒక వరస పడింది. మొదటి దిబ్బ: ఉప్పు తగిలింది. అంతే. మెట్ట పేరు లేదు అందులో. మస్తాను రూటరు నుంచి నా రూటరుకు.

కింద మోటారు మూలిగింది. గేటు పలక కదిలింది. తాపీగా దిగింది. అడుగున తగిలిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

తర్వాత పోటు వచ్చింది. ఈ ఏడాదికంతా అదే పెద్దది. పలక బయట మనిషి ఎత్తు లేచింది. బురద రంగు, నురగ. పలక లోపల గుంట కదల్లేదు.

విక్రాంత్ గారు కిటికీ దగ్గరికి వెళ్ళి చూశారు. చేతిలో ఉన్న ఆఫీసు టాబ్లెట్ తెర చూసుకున్నారు. మళ్ళీ కిందికి చూశారు.

“మా దాంట్లో గేటు తెరిచే ఉందండి,” అన్నారు. నిజంగానే ఆశ్చర్యపోయారు పాపం.

“అయితే దాంట్లోంచి నడిచెళ్ళిపో బాబూ,” అంది మంగాయమ్మ.

జనం నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. పోటు తీసే దాకా అక్కడే కూర్చున్నాను. ఆ తర్వాత గోడ పట్టుకుని లేచాను.

ఆయన ఒక కాగితం రాసి ఇచ్చారు. నన్ను కాపలా నుంచి తీసేశారు. ఇక నేను యంత్రాన్ని ముట్టుకోకూడదు. తదియనాడు కొత్త మనిషి కొత్త కార్డుతో వస్తాడు.

“సంతకం పెట్టండి. ఇదంతా చేసింది మీరేనని.”

పెట్టాను. ఇంటిపేరు విడమరిచి, అక్షరం అక్షరం విడిగా పెట్టాను. చదవడానికి ఎవరికీ ఇబ్బంది ఉండకూడదు.

పాడ్యమి

పొద్దున మస్తాను వచ్చాడు. మూడు, నాలుగు, ఐదు దిబ్బలకు ఎక్కించాడు. నా కార్డు తిరిగి ఇచ్చాడు. ఇంకో బుట్ట కూడా తెచ్చాడు. నిండా పాత కార్డులు. ఈ తొమ్మిదీ కాక ఎప్పుడో ఖాళీ అయిన దిబ్బల మీద పాడుబడిన యంత్రాల్లోంచి పీక్కొచ్చాడు. పదకొండు ఉన్నాయి. ఒక్కోదాన్ని స్పిరిట్‌తో తుడిచి పెట్టాడు.

యంత్రాన్ని ముట్టుకోవద్దన్నారు నన్ను. ముట్టుకోలేదు. ఉత్తర్వు ఉత్తర్వే. కుర్చీ పక్కన చాప వేసుకుని కూర్చున్నాను. కుర్చీలో మంగాయమ్మ కూర్చుని బుట్టలోని కార్డు ఒకటి గూట్లో పెట్టింది. పాత సిస్టమ్ మస్తాను రూటరు నుంచి తీగ మీద దాని మీదికి వస్తుంది.

“ఇప్పుడేం కొట్టాలి?”

“కాపీ అని.”

ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. ఏ అక్షరం ఎక్కడుందో నేను నోటితోనే చెప్పాను. వేలు తప్పు చోట పడినప్పుడల్లా యంత్రాన్ని తిట్టింది. యంత్రం ఏమీ అనలేదు. నాలాంటిదే.

“చెరిపి రాయమంటావా అంటంది బావా.”

“నువ్వేమంటావు?”

“నీ మొహం అంటాను.”

“వద్దని కొట్టు. సరిపోతుంది.”

ఆశ్చర్యార్థకాలు పడటం మొదలైంది. ఆవిడ తెర మీదికి వంగి చూస్తూ కూర్చుంది. గంట సేపు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆవిడ అంత సేపు ఊరుకోవడం నేను చూడలేదు, మా దిబ్బ మీద ఎవరూ చూసి ఉండరు. మధ్యలో నాలుగు చుక్కలు పడ్డాయి. నా వైపు చూసింది. ఆగమని చెయ్యి ఊపాను. మళ్ళీ పడ్డాయి. లెక్క సరిపోయింది. ఆవిడ కార్డు లాగి కొంగున ముడి వేసుకుంది. మెట్ల వైపు తిరిగి, “తర్వాతెవరు?” అని కేక పెట్టింది.

ఎండు చేపల సూరమ్మ కూర్చుంది. తర్వాత వలలు అల్లే భీమశంకరం. సాయంత్రానికి ఐదుగురు అయ్యారు. మెట్ల మీద వరస ఇంకా ఉంది, రేవు దాకా. ఇందాకే ఆరో దిబ్బ పడవ కట్టారు.

నా ఒక్కడి పేరు కాగితం మీద ఉంది. ఉండనీ. మంగాయమ్మను తీసేస్తే సూరమ్మ ఉంది. సూరమ్మను తీసేస్తే భీమశంకరం. ఎంతమంది పేర్లు రాస్తారో రాయమనండి.

తదియనాడు కొత్త కాపలాదారు వస్తాడట. రానివ్వండి. వరసలో నిలబడితే అతనికీ నేర్పుతాం.